దోన్ అర్సెనియో పక్షులు చూడొచ్చిన రోజు

"ఇది చారా, సముద్రమా? ఒక్కసారైనా రుచి చూసి దించకూడదా?" అంటూ ఎడిల్మా గరిటెను గిన్నెలో పడేసింది.

"ఉప్పుగాలికి మీ నాలుకే మొద్దుబారింది. టూరిస్టులు అడిగి మరీ పోయించుకున్నారు," అన్నాడు సెగుండో, ఉల్లిపాయలు తరగడం ఆపకుండానే.

"ఆకలికి పోయించుకున్నారులే. అది సరే, మెల్లగా తల తిప్పి చూడు. అదిగో, గడ్డి టోపీ ఆయన."

సెగుండో కత్తి ఆగిపోయింది. పడవ ముందుభాగంలో, టూరిస్టుల మధ్య, మెడలో బైనాక్యులర్ వేలాడేసుకుని దోన్ అర్సెనియో కూర్చుని ఉన్నాడు.

ఈ దీవుల్లో పుట్టినవాళ్ళకే ఇక్కడ ఉండే హక్కు. సముద్రం అవతలి గడ్డ నుంచి వచ్చినవాడు ఉండిపోవాలంటే దీవి మనిషిని పెళ్ళాడాలి. కాగితం కోసమే పెళ్ళాడేవాళ్ళు లేకపోలేదు. వాళ్ళను పసిగట్టడమే దోన్ అర్సెనియో ఉద్యోగం. ఆయన కాదన్నాడంటే మర్నాడు విమానం ఎక్కాల్సిందే. పడవలో గైడుగా తిరిగే ఎడిల్మా, అదే పడవలో వంటచేసే సెగుండో రెండేళ్ళ కిందట రిజిస్ట్రీ ఆఫీసులో సంతకాలు పెట్టారు. అతనిది అవతల కొండల్లోని అంబాతో అనే ఊరు. అనుమతి గడువు ఈ నెలతో తీరిపోతోంది.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అన్నాడు సెగుండో గొంతు తగ్గించి.

"రోజూ చేసేదే చెయ్యి. నేనూ రోజూ తిట్టినట్టే తిడతా."

దీవి ఒడ్డున దిగగానే దోన్ అర్సెనియో ఆమె పక్కకు చేరాడు. "నీ ఇంటికి రెండుసార్లు వచ్చానమ్మాయ్. రెండుసార్లూ తాళమే."

"మా కాపురమంతా పడవలోనే కదా, దోన్ అర్సెనియో. తెల్లారి ఎక్కితే పొద్దుగూకాకే దిగడం."

"అందుకే నేనూ ఎక్కాను. పక్షుల్నీ చూసినట్టుంటుంది."

కాలిబాట పక్కనే ఒక నీలికాళ్ళ మగపక్షి ఆడపక్షి ముందు ఒక కాలు, మళ్ళీ ఇంకో కాలు ఎత్తి చూపిస్తోంది. ముక్కుతో చిన్న పుల్ల తెచ్చి దాని ముందు పెట్టింది. ఆడపక్షి మొహం తిప్పేసుకుంది. టూరిస్టులు నవ్వారు.

"ఆ పుల్లతో గూడేమీ కట్టరు. ఊరికే ఇస్తాడంతే," అని చెప్పింది ఎడిల్మా.

"మరి నీకు సెగుండో ఏమిస్తాడు?" అన్నాడు దోన్ అర్సెనియో.

"గుండెమంట."

నీళ్ళ క్యాను భుజాన వేసుకుని వెనక వస్తున్న సెగుండో అందుకున్నాడు. "మీరు రెండోసారి వడ్డించుకుని మరీ తింటారు. ఆ సంగతి మాత్రం చెప్పరు."

దోన్ అర్సెనియో కనుబొమలు పైకి లేచాయి. "పెళ్ళాన్ని 'మీరు' అంటాడేం?"

"వాళ్ళ కొండల్లో కుక్కను కూడా 'మీరు కాస్త పక్కకు జరగండి' అంటారు. ఏం మనుషులో ఏమో."

అక్కడి నుంచి అగ్నిపర్వతం ఎక్కడం. నల్లటి బూడిద మీద చెక్కమెట్లు, పైన ఎండ. దోన్ అర్సెనియో రొప్పుతూనే ప్రశ్నలు వేస్తున్నాడు.

"గురక పెడతాడా?"

"ఇంజను ఆగినా ఈయన గురక ఆగదు. మొదట్లో చెడిపోయిన ఇంజను బాగైందనుకుని లేచి కూర్చునేదాన్ని."

"దేనికి భయపడతాడు?"

"సముద్రానికి. ఈత రాదు. పెద్ద కెరటం వస్తే అమ్మను తలుచుకుంటాడు, ఆ తర్వాత నన్ను, ఆ తర్వాత దేవుణ్ణి."

"అమ్మది రెండో స్థానం," అన్నాడు వెనక నుంచి సెగుండో.

ఎడిల్మా వినిపించుకోనట్టే నడిచింది. ఆ మలుపులో ఏదో చెప్పాల్సింది మరిచిపోయి టూరిస్టుల్ని అలాగే పైకి తీసుకుపోయింది.

శిఖరం మీద టూరిస్టులు ఫొటోల్లో మునిగిపోయారు. దోన్ అర్సెనియో ఒక రాతి మీద కూలబడి చెమట తుడుచుకున్నాడు.

"జవాబులన్నీ నాలుక చివరే ఉన్నాయి నీకు. నాకు అనుమానం వచ్చేది అక్కడే. ఒక్కటి అడుగుతా. నేను కాదంటే వీడు రేపే అంబాతోకు పోతాడు. నువ్వు వెంట వెళ్తావా?"

పళ్ళు తోముకునే బ్రష్షు రంగు దగ్గర్నుంచి అత్తగారి పుట్టినరోజు దాకా ఏది అడిగినా చెప్పగలదు ఎడిల్మా. ఈ ప్రశ్న వస్తుందని మాత్రం అనుకోలేదు. ఆమె ఈ దీవుల్లో పుట్టింది. సముద్రం కనిపించని చోట ఒక్కరోజు కూడా ఉండలేదు. సెగుండో వైపు చూసింది. అతను ఏమీ విననట్టు ఎటో చూస్తున్నాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

"వెళ్తాను," అంది. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అన్నట్టు ఒక్క క్షణం ఆగింది. "ఆ చలికి వణుకుతా. రోజూ ఆ బంగాళదుంపలే తిని ఏడుస్తా. ఈయన్ని తిడుతూనే ఉంటా. అయినా వెళ్తాను. ఇక్కడ ఒక్కదాన్నే ఉండి ఎవర్ని తిట్టను?"

సెగుండో భుజం మీది క్యాను జారి వాలులో దొర్లింది. దాని కోసం అతను బాట దాటి బూడిదలోకి దిగాడు. ఇంకెవరైనా బాట దాటితే ఎడిల్మా దీవి అదిరేలా అరుస్తుంది. ఇప్పుడు నోరు మెదపలేదు.

దోన్ అర్సెనియో మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

"ముప్పై ఏళ్ళ నుంచి చూస్తున్నా. దొంగ మొగుడూపెళ్ళాలు నా ఎదుట ఒకరి నోట్లో ఒకరు ముద్దలు పెట్టుకుంటారు. వాళ్ళలో ఉప్పు దగ్గర కొట్టుకున్నవాళ్ళని ఇంతవరకు చూడలేదు. సోమవారం వచ్చి ముద్ర వేయించుకోండి."

పడవ తిరిగొచ్చింది. రేవులో టూరిస్టులు దిగిపోయారు. దోన్ అర్సెనియో టోపీ ఎత్తి వీడ్కోలు చెప్పి వెళ్ళిపోయాడు. సెగుండో తోమిన గిన్నెల్నే మళ్ళీ తోముతున్నాడు.

"అంబాతోలో మీరనుకున్నంత చలి ఉండదు. మంచి ఉన్ని దుప్పటి ఉంటే చాలు," అన్నాడు తల ఎత్తకుండా.

"బంగాళదుంపలో?"

"వాటికి నేనేం చెయ్యలేను."

ఎడిల్మా నవ్వింది. అతని చేతిలోని గిన్నె లాక్కుని బోర్లించింది.

"గిన్నెలు చాల్లే. పద."

ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ మొదటిసారి ఒకే ఇంటికి వెళ్ళారు.