గోడవతలి పియానో

“ఆపుతావా, ఆ ట్యాబు అట్టుకెళ్లి పట్టాల మీద పెట్టీమంటావా?”

త్రినాథరావు అరుపుకి రైల్వే క్వార్టర్ల లైను లైనంతా గుమ్మాల్లోకి వచ్చింది. భానుప్రియ ట్యాబు మీంచి వేళ్లు తీసి లేచింది. రెండిళ్ల వసారాలకీ మధ్య నడుమెత్తు గోడ. అటువైపు గూడ్సు బళ్లు నడిపే లోకో పైలట్ త్రినాథరావు, ఇటువైపు బుకింగ్ క్లర్కు భానుప్రియ.

“బాబాయ్‌గారూ, నేనసలు...”

“ఏటి నువ్వు సెప్పేది? డ్యూటీ దిగొచ్చినోడు కన్ను మూయాలా, అక్కర్లేదా? సెవుల్లో సుత్తులెట్టి కొట్టినట్టు ఆ పియానో! మూడో కంప్లయింటు రాసేశాను. మా ఇంజన్ల షెడ్డుకీ ఒక కాపీ పంపించాను. బస్, ఇంక నీతో మాటల్లేవు.”

ఎదుటివాళ్లని ఒక్క ముక్క మాట్లాడనిస్తే ఆయన త్రినాథరావెందుకవుతాడు? విసవిసా లోపలికి వెళ్లిపోయాడు. వెనకాల నిలబడ్డ భార్య కనకం ఏదో చెప్పబోయి, మానేసి, తనూ వెళ్లింది.

మూడో కంప్లయింటంటే మాటలు కాదు. అది నిజమని తేలితే క్వార్టరు ఖాళీ చేయిస్తామని కాలనీ ఇన్‌స్పెక్టర్ ముందే చెప్పాడు. మంచం దిగలేని అత్తగారిని తీసుకుని ఊళ్లో దయాల్‌బంద్ పేటలో ఏ మేడమీది గదికి పోవాలి?

ఇంతకీ ఆమె చేసిన నేరం, ఆంధ్ర సమాజం పిల్లల దసరా డాన్సుకి ట్యాబు మీద పియానో పాట కట్టడం. డ్యూటీ నుంచి రాగానే టీ గ్లాసుతో వసారాలో కూర్చునేది. ఎడమచేత్తో గెంతులేసే తాళం, కుడిచేత్తో దాని మీద పరుగులు. తర్వాత కింద డప్పు కలిపి, డప్పుని కాస్త వెనక్కి నెట్టి, పియానోని ముందుకి లాగేది. రెండేళ్లుగా ఇదే వరస. ఏనాడూ నోరెత్తని పెద్దమనిషికి కిందటి నెలే చెవులు మొలిచాయి.

కారణం లైనులో అందరికీ తెలుసు. ఇంజన్లో అసిస్టెంటు సిగ్నల్ రంగు చూసి గట్టిగా చెప్తే, పైలట్ దాన్ని తిరిగి పలకాలి. త్రినాథరావు పలకడం లేదని అసిస్టెంటు శివాజీ షెడ్లో రాసిచ్చాడు. పలకడు మరి. ఎదురొచ్చి నమస్కారం పెట్టినా పలకని పొగరు ఆయనది. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, శివాజీ మీది కసి తన పియానో మీద తీర్చుకుంటున్నాడు. తలుచుకుంటేనే భానుప్రియకి ఒళ్లు మండిపోయింది. ఆ మనిషంటే ఆమెకి అసహ్యం పుట్టింది.

అసలు తమాషా వేరే ఉంది. రెండో కంప్లయింటు రోజే ఆమె గోల్ బజార్ వెళ్లి వైరు లేని బుల్లి ఇయర్‌ఫోన్లు కొంది. జుట్టు కిందికి పోతాయి, ఎవరికీ కనబడవు. పదిహేను రోజులుగా పాట ఆమె చెవుల్లో తప్ప ఇంకెక్కడా మోగలేదు. అయినా మూడో కంప్లయింటు!

‘చెప్పను. ఇన్‌స్పెక్టర్ ముందే పరువు తీస్తాను’ అనుకుంది.

ఆదివారం సాయంత్రం ఇన్‌స్పెక్టర్ విశ్వనాథం వచ్చి, త్రినాథరావు వసారాలో నిలబడ్డాడు.

“రోజూ ఎలా వాయిస్తావో అలాగే వాయించమ్మా.”

భానుప్రియ ట్యాబు ముందు కూర్చుని వేళ్లు ఆడించింది.

“ఇదిగో! మొదలెట్టేసింది!” త్రినాథరావు చెవులు మూసుకున్నాడు. “ఇంటన్నారా సార్? ధన్ ధన్ ధన్ ధన్!”

విశ్వనాథం కనుబొమలు ముడిచి తల అడ్డంగా ఊపాడు. “నాకేం వినపడ్డం లేదండీ.”

“మీకు అలవాటు లేదు. నావి పాము సెవులు సార్. షెడ్లో కూడా సెప్పండి, గోడవతల సూది పడినా నాకు ఇనబడతాది!”

భానుప్రియ లేచి, జుట్టు పక్కకి తీసి, రెండు ఇయర్‌ఫోన్లూ ఇన్‌స్పెక్టర్ అరచేతిలో పెట్టింది.

“పాట వీటిల్లో ఉంది సార్. పదిహేను రోజులుగా వీటిల్లోనే ఉంది.”

విశ్వనాథం ఒకటి చెవిలో పెట్టుకుని విన్నాడు. లైనంతా ఘొల్లుమంది. “వాహ్, పాము చెవులు!” అని ఎవరో కేకేశారు. త్రినాథరావు ముఖం నల్లబడింది. గోడకి వీపు పెట్టి కుర్చీలో కూలబడ్డాడు.

“దొంగ కంప్లయింటని రాసేస్తానమ్మా. నీ క్వార్టరుకేం ఢోకా లేదు” అని విశ్వనాథం గేటువైపు నడిచాడు.

అక్కడితో వదిలేస్తే బాగుండేది. కానీ నెల్లాళ్ల కడుపుమంట అంత తొందరగా చల్లారదు. భానుప్రియ ఇంట్లో ఉన్న సమాజం వాళ్ల పెద్ద స్పీకరు తెచ్చి, సరిగ్గా త్రినాథరావు తల వెనక గోడ మీద పెట్టింది.

“నిజం పియానో ఎలా ఉంటుందో ఇప్పుడు వినండి బాబాయ్‌గారూ!”

ఫుల్ వాల్యూము. పియానో ఒక్కసారిగా విరుచుకుపడింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. వీధికుక్క తోక ముడుచుకుని పరుగెత్తింది. పిల్లలు రోడ్డు మీదే గెంతులు మొదలెట్టారు. త్రినాథరావు మాత్రం ఉలకలేదు, పలకలేదు. నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు.

“చూశారా సార్, ఇంకా ఆ పొగరు!” అంది భానుప్రియ.

గేటు దగ్గర విశ్వనాథం ఆగి, వెనక్కి తిరిగి, త్రినాథరావునే చూస్తున్నాడు.

కనకం లోపల్నుంచి పరుగున వచ్చి గోడ మీదుగా భానుప్రియ రెండు చేతులూ పట్టుకుంది.

“ఆపీ తల్లీ, నీకు దండం పెడతాను. ఆ ఇన్‌స్పెక్టరు బాబు సూసెస్తన్నాడు. షెడ్లో సెప్పెస్తాడు, ఉజ్జోగం పోతాది.”

“ఏం చెప్తాడు పిన్నీ?”

“ఆయనకి సెవులు ఇనబడవమ్మా.”