పదకొండు అడుగులు

ఆ రోజు పొయ్యి శేషమ్మే వెలిగించింది.

ఏడు నెలల్లో అదే మొదటిసారి.

అమెరికాలో, సన్నీవేల్‌లోని ఆ ఇంట్లో ఆమె పని ఎనభై ఆరేళ్ళ యూదు ముసలామెను చూసుకోవడం. స్నానం, మందులు, వంట. ముసలామె పేరు ఎస్తేర్. శేషమ్మ చిన్నమ్మ పేరూ అదే. అందుకని మొదటి రోజే "ఎస్తేరమ్మగారూ" అని పిలిచింది. ఆ పిలుపు ముసలామెకు నచ్చింది.

అదే రోజు ముసలామె ఒక మాట కూడా చెప్పింది. వంటంతా నువ్వే చెయ్యి, పొయ్యి మాత్రం నేనే వెలిగిస్తాను, అది మా ధర్మశాస్త్రం అని.

ఎందుకని శేషమ్మ అడగలేదు. ఇలాంటి నియమాలకు కారణం అడగక్కర్లేదని ఆమె ఒంటికే తెలుసు. చిన్నప్పుడు కామందు పెరట్లో వాళ్ళమ్మ దోసిలి పట్టి వంగేది. పైనుంచి నీళ్ళు పోసేవారు. చెంబు మాత్రం చేతికి తగలనిచ్చేవారు కాదు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కూతురు జయంతి ఫోన్లో విని నవ్వింది.

"మడి కూడా నీ వెనకాలే ఫ్లైట్ ఎక్కిందన్నమాట అమ్మా."

శేషమ్మ నవ్వలేదు.

మంచం నుంచి పొయ్యికి పదకొండు అడుగులు. రోజూ పొద్దున ఎస్తేరమ్మ వాకర్ పట్టుకుని, ఆగి ఆగి వచ్చి, వణికే వేళ్ళతో మీట తిప్పేది. టిక్ టిక్‌మని మంట అంటుకోగానే ఇటు తిరిగి నవ్వేది. శేషమ్మకు ఆ నవ్వులో చెంబు కనిపించేది.

ఆ రోజు ఎస్తేరమ్మ లేవడం ఆలస్యమైంది. శేషమ్మ మీట తిప్పింది. కోడి సూపు కాచి బల్ల మీద పెట్టింది.

ఎస్తేరమ్మ చెంచా ఎత్తి ఆగింది.

"పొయ్యి ఎవరు వెలిగించారు శేషా?"

"నేనే. చేతులు సబ్బుతోనే కడుక్కున్నానండి."

చెంచా కిందికి దిగింది. ఎస్తేరమ్మ ఏదో చెప్పబోయింది. శేషమ్మ గిన్నె లాక్కుని సింకులో వంపేసింది. ఇక ఈ ఇంట్లో వండనంది.

మర్నాటి నుంచి యూదుల కొట్టులో వండి సీలు వేసిన భోజనం డబ్బాలు వచ్చాయి. శేషమ్మ వేడి చేసి పెట్టేది. ఎస్తేరమ్మ సగం వదిలేసేది. రెండుసార్లు మళ్ళీ ఏదో చెప్పబోతే శేషమ్మ వాక్యూమ్ ఆన్ చేసింది. గెలిచినట్టే ఉంది. కాని గెలిచిన చోట స్థిమితంగా కూర్చోలేకపోయింది.

తొమ్మిదో రోజు పొద్దున శేషమ్మ స్నానం చేస్తుండగా వంటగదిలో టిక్ టిక్‌మంది. ఆ వెంటనే వాకర్ పడ్డ చప్పుడు.

ఎస్తేరమ్మ పొయ్యి ముందు పడి ఉంది. పైన నీలం మంట వెలుగుతోంది.

తుంటి విరిగింది. ఆస్పత్రి నుంచి ఆమె తిరిగి రాలేదు.

సంతాపపు వారం ముగిశాక శేషమ్మ తన బట్టల కోసం వెళ్ళింది. ఎస్తేరమ్మ కూతురు రేచల్ తలుపు తీసింది. ఇన్నాళ్ళూ గొంతులో ఉన్నది శేషమ్మ అడిగేసింది.

"నా చెయ్యి పొయ్యికి తగలకూడదనేగా అమ్మా, ఆవిడ అలా పడుతూ లేస్తూ వచ్చింది?"

రేచల్ అర్థం కానట్టు చూసింది.

"పరాయివాళ్ళు వండింది మేం తినకూడదు. నిప్పు మాలో ఒకరు వెలిగిస్తే మాత్రం, ఎవరు వండినా తినొచ్చు. నడవొద్దని డాక్టర్ చెప్పాడు. మొదటి నుంచీ డబ్బాలు తెప్పిస్తానని నేను పోరాను. మా అమ్మ వినలేదు."

వంటగదిలో టిక్ టిక్‌మన్నట్టయింది శేషమ్మకు. అటు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

రేచల్ గొంతు తగ్గించింది.

"ఆస్పత్రిలో చివరిసారి కళ్ళు తెరిచినప్పుడు కూడా ఒకటే మాట, 'పొయ్యి వెలిగించాను, శేషను సూపు పెట్టమను' అని."