చేతి పట్టీ

బూడిదరంగు కోటు మనిషి మళ్లీ కనిపించాడు.

గడియారం టవరు మెట్ల దగ్గర ఒకసారి చూసిందామె. బొమ్మల మ్యూజియంలో ఇంకోసారి. ఇప్పుడు బెలూన్లు అమ్మే ఆవిడకి ఫోను చూపిస్తూ ఏదో అడుగుతున్నాడు. ఆమె పాప చేతిని గట్టిగా పట్టుకుని పక్క సందులోకి తిరిగింది.

“నొప్పెడుతోంది,” అంది పాప.

“వదలకు తల్లీ. జనం చూశావుగా.”

పోయిన చలికాలం ఇదే ఊళ్లో, ఇలాంటి జనంలోనే, చేతితొడుగు సర్దుకుందామని ఒక్క క్షణం చెయ్యి వదిలిందామె. ఆ తర్వాత ఏం జరిగిందో ఎవరడిగినా చెప్పదు.

అందుకే ఈ ప్రయాణం. అప్పుడు సగంలో ఆగిపోయినవన్నీ ఈసారి చూపించి తీరాలి. చూడాల్సినవన్నీ రంగు పెన్సిలుతో రాసిన కాగితం నాలుగు మడతలుగా ఆమె జేబులో ఉంది. తీసి పాపకిచ్చి, ఇంకా ఏం మిగిలిందో చదవమంది.

“మంచు మీద జారడం,” అని కూడబలుక్కుని చదివింది పాప. అక్షరాలు ఇలా వంకరటింకరగా ఉన్నాయేమిటని కిలకిలా నవ్వింది. ఆమె గబుక్కున కాగితం లాక్కుని జేబులో పెట్టేసుకుంది.

ఇది కూడా అయ్యాక ఇంటికేనా అని పాప అడిగింది. ఇంటికే అందామె. పాప వేసుకున్న ఎర్రకోటు పోయినేడు కొన్నది. చేతులు మణికట్టు దాకా కూడా రావడం లేదు. చిన్నదైందని పొద్దుటి నుంచీ సణుగుతూనే ఉంది. ఏడాదిలో పిల్లలు ఎదగరూ మరి!

వెనక్కి తిరిగి చూస్తే సందు మొదట్లో మళ్లీ అదే బూడిదరంగు కోటు. రైలెక్కేసి పోదామా అనుకుంది. కానీ ఒక్కటంటే ఒక్కటి మిగిలిపోయింది. ఇంతదాకా వచ్చి అదొక్కటీ ఎగ్గొట్టడానికి ఆమెకి మనసొప్పలేదు. పాపని దాదాపు ఈడ్చుకుంటూ మంచు మైదానం కౌంటరు దగ్గరికి పరిగెత్తింది.

గుమస్తా తీరుబడిగా టిక్కెట్లు చించి, పసుపు కాగితం పట్టీ ఒకటి తీశాడు. పదేళ్లలోపు పిల్లల్ని చేతికి పట్టీ లేకుండా మంచు మీదికి వదలరట.

“తొందరలో ఉన్నాం. అది లేకుండా కుదరదా?”

“రూలు మేడమ్. పిల్ల తప్పిపోతే అమ్మకో నాన్నకో ఫోన్ చెయ్యాలి కదా.”

తప్పిపోతే అన్న మాటకి ఆమె పాప చేతిని ఇంకా బిగించి పట్టుకుంది. గేటు దగ్గర ఆ మనిషి మునివేళ్ల మీద లేచి జనంలోకి చూస్తున్నాడు. కళ్లు అతని మీదే పెట్టి, తన నంబరు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. గుమస్తా రాసి, పట్టీని పాప మణికట్టుకి చుట్టాడు. పొట్టి కోటు పుణ్యమా అని అది చక్కగా అమరింది.

ఇంకో నాలుగడుగులు వేస్తే మంచు మీదికి. ఆమెకి ప్రాణం లేచొచ్చినట్టయింది. “పద తల్లీ,” అంది.

పాప కదల్లేదు. పట్టీ మీది అంకెలు వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకుని, గుమస్తా వైపు తలెత్తింది.

“ఈ ఆంటీది కాదు, మా అమ్మ నంబరు రాయండి.”