గురవమ్మ ఉపవాసం

"గ్రీకే ఎందుకు? ఇంకోసారి చెప్పు," అంది దెబోరా.

కూతురు సెలిన్ కుర్చీలో నిటారుగా కూర్చుని, ఎదురుగా ఇంగ్లండు యూనివర్సిటీ దొరలే ఉన్నట్టు గడగడా చెప్పేసింది. వింటున్న దెబోరా పెదవులు కూడా దానితో పాటే కదిలాయి.

పక్కన చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న గురవమ్మకి విసుగొచ్చింది.

"దానికి నోటికొచ్చేసింది గదే! ఇంకా ఎన్నిసార్లు చెప్పిస్తావు? శుక్రవారం దాకా పిల్లని బతకనిస్తావా?"

"ఉండమ్మా. ఇంటర్వ్యూలో తిప్పి తిప్పి అడుగుతారంట."

"అడగరా మరి? ఎప్పుడో పోయినోళ్ళ పాత గ్రీకు నేర్చుకుంటానంటే నేనైనా అడుగుతాను. కూడు పెడుతుందా ఆ చదువు?"

దెబోరా నవ్వింది. "సెలిన్ వయసులో నన్నూ ఇదే అడిగావు. అడిగి నర్సింగులో పడేశావు."

"పడేశాను గనకే మస్కట్లో ఏసీ కింద కూర్చుని ఇంత తింటున్నాం. తీరని కోరికలు తెచ్చి పిల్ల నెత్తిన రుద్దకు."

సెలిన్ ఏదో అనబోయింది. దెబోరా కళ్ళతోనే వారించి, మాట మార్చింది.

"నీ జవాబు పుస్తకంలోదిలా ఉందే. సువార్త మొదట రాసింది ఆ భాషలోనేనని చిన్నప్పుడు నర్సాపురంలో పాస్టరుగారు చెప్పారు. మనం చదివేదంతా ఎవరో తర్జుమా చేసి పెట్టిందే. ఒక్కసారి, మధ్యలో ఎవరూ లేకుండా వినాలని..."

"ఇదే బాగుంది. ఇదే చెప్పాలి," అంది సెలిన్.

గురవమ్మ గుండెలో రాయి పడింది. పిల్ల మనసు కూడా అటే తిరిగిపోయిందన్నమాట! మస్కట్ ఘుబ్రా పేటలోని ఈ ఫ్లాటులో, దెబోరా ఆసుపత్రి డ్యూటీకి పోతే ఆమెకున్న తోడు సెలినే. చదువు రాని అమ్మమ్మకి రోజూ బైబిల్లో ఒక అధ్యాయం చదివి వినిపించేది అదే. తలకి నూనె రాసేది అదే. అది విమానమెక్కితే ఈ నాలుగు గోడలతో ఏం మాట్లాడాలి?

"శుక్రవారం నేను ఉపవాస ప్రార్థన చేస్తాను," అంది ఉన్నట్టుండి.

దెబోరా దగ్గరికొచ్చి ఆమె చేతులు పట్టుకుంది. "నిజంగానా అమ్మా? ఇంటర్వ్యూ కోసమేనా?"

"దానికోసమే."

దెబోరా కళ్ళు తుడుచుకుంది. గురవమ్మ చిక్కుడుకాయల్లోకి చూస్తూ ఉండిపోయింది.

ఇంటర్వ్యూ కంప్యూటర్లోనే కాబట్టి శుక్రవారం దెబోరా సెలవు పెట్టి సెలిన్‌తో ఇంట్లోనే ఉంది. పక్క ఫ్లాటు జూలీ తన కారులో గురవమ్మని చర్చికి తీసుకెళ్ళింది. ప్రార్థన విన్నపాలు చెప్పే వేళకి జూలీయే లేచి నిలబడింది.

"మా గురవమ్మాంటీ పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదండి. వాళ్ళింటికి ఆ సీటు రావాలని అందరం అడుగుదాం."

"ఆమేన్!" అన్నారు అందరూ.

గురవమ్మ మోకాళ్ళూని కళ్ళు మూసుకుంది. "ప్రభువా, వీళ్ళకేం తెలీదు. వీళ్ళ మాట వినకు, నా మాట విను. ఆ సీటు రానీయకు. దొరలు అడిగినదానికి నోరు పెగలనీయకు. పిల్ల ఏడిస్తే నేనే ఓదార్చుకుంటాను."

తిరిగొచ్చేసరికి సెలిన్ కింద లిఫ్టు దగ్గర నిలబడి ఉంది.

"వచ్చావా అమ్మమ్మా! నీకోసమే దిగాను. గబుక్కున బెల్లు కొట్టేస్తావేమోనని. పైన ఇంటర్వ్యూ మొదలైపోయింది."

"మొదలైపోతే నువ్విక్కడేం చేస్తున్నావే?"

సెలిన్ తెల్లబోయి చూసింది.

"ఇంటర్వ్యూ అమ్మది కదా!"