వాగు గోల

“హమ్మయ్య, రాత్రి కంటినిండా నిద్రపోయానమ్మాయ్!” అంటూ పెద్దావిడ టిఫిన్ బల్ల దగ్గర కూర్చుంది. “వచ్చిన దగ్గర్నుంచీ మీ వాగు గోలకి కన్ను మూతపడితే ఒట్టు. రాత్రి పుణ్యం కట్టుకుని నోరు మూసింది.”

టీ పోస్తున్న గెస్ట్‌హౌస్ ఇల్లాలి చెయ్యి ఆగిపోయింది. ఏళ్ల తరబడి విని అలవాటైన చప్పుడు కావడంతో, అది ఆగిన సంగతి ఆమె గమనించనే లేదు. గబగబా కిటికీ తెరిచింది. పిట్టల కూతలు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

“మీ అబ్బాయీ కోడలూ ఏరీ పిన్నిగారూ?”

“ఇంకెక్కడ, నడకకే! ఎండలు ముదరకముందే కొండలన్నీ చుట్టెయ్యాలని వారం సెలవు పెట్టి మరీ వచ్చారు. నేనేమో గదికి కాపలా! వాగులో చుక్క నీరు లేదని మావాడికి ఒకటే సంబరం. ఇవాళ చుట్టుదారి లేదు, వాగులోంచే పైకి పోతామన్నాడు.”

ఇల్లాలు కెటిల్ అక్కడే పెట్టి పెరట్లోకి పరుగెత్తింది. కట్టెలు కొడుతున్న భర్త తలెత్తాడు.

“వాగు ఆగిపోయిందండీ!”

“పైన మంచు కరిగే రోజుల్లో ఎలా ఆగుతుందే?” అంటూనే అతని ముఖం పాలిపోయింది. “చరియ విరిగి అడ్డం పడుంటుంది. నీళ్లన్నీ దాని వెనకే నిండుతుంటాయి. అది తెగిందంటే...”

“ఆ పిల్లలిద్దరూ వాగులోనే ఉన్నారు!”

అతను గొడ్డలి అక్కడే పడేసి గేటు వైపు పరుగు తీశాడు.

పెద్దావిడ టీ కప్పుతో కిటికీలోంచి తొంగిచూసింది.

“నా దిష్టే తగిలిందమ్మాయ్! అదిగో, మీ వాగు మళ్లీ మొదలెట్టింది.”