మడికొండ మూల జాగ

ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు ముగించుకుని కాశిబుగ్గలో దిగేనాటికి సుబేదార్ ఎల్లస్వామి చేతిలో ఉన్నవి ఇవి: ఒక శౌర్య పతకం, తొడలో డాక్టర్లు తీయకుండా వదిలేసిన తూటా ముక్క, మడికొండలో ఒక మూల జాగ, ఇద్దరు కొడుకులు.

పతకం ఊరికే రాలేదు. సరిహద్దులో ఒక బంకర్‌లో తూటాలు అయిపోయాక ముగ్గురిని బయొనెట్‌తో పొడిచి చంపితే వచ్చింది. మూడోవాడు చచ్చేదాకా తన చెయ్యి పట్టుకునే ఉన్నాడన్న సంగతి ఎల్లస్వామి ఏ సన్మాన సభలోనూ చెప్పలేదు.

ఇద్దరు కొడుకుల లెక్క ఎక్కువ కాలం నిలవలేదు. పెద్దవాడు రాజమౌళి తండ్రి రెజిమెంట్‌లోనే చేరి, మందుపాతర మీద కాలు పెట్టాడు. పెట్టె వచ్చింది. మూత తెరిచి చూసింది ఎల్లస్వామి ఒక్కడే. మూసేసి, "మొఖం మంచిగనే ఉన్నది" అని భార్య చిలుకమ్మకు చెప్పాడు.

పెట్టెలో మొఖం లేదు.

రెండేళ్లు తిరక్కుండానే చిన్నవాడు మహిపాల్ ఆర్మీ రాతపరీక్ష పాసయ్యాడు. ఇక మిగిలింది భర్తీ ర్యాలీలో పరుగు, మెడికల్ పరీక్ష.

ఆ రోజు చిలుకమ్మ భర్త ముందు అన్నం పళ్లెం పెట్టింది గానీ చెయ్యి తీయలేదు.

"ఒకన్ని ఇస్తిమి. సాలదా? జర నువ్వన్న చెప్పయ్యా."

"ఏమని చెప్పాలె? కాలేజీలు తిరిగి, మిలిటరీల చేరుండ్రి అని పోరగాండ్లకు చెప్పెటోన్ని. నా కొడుకును వద్దంటె జనం నా మొఖాన ఉమ్మరా?"

బూట్ల లేసులు కట్టుకుంటూ మహిపాల్ నవ్వాడు. "అమ్మా, నువ్వు చెప్పినా ఆగ, బాపు చెప్పినా ఆగ. అన్న ప్లేసుల నేను నిలబడుడే."

అదే వారం మడికొండ జాగ గొడవ మొదలైంది. ప్లాట్ల వ్యాపారి కట్టయ్య కొత్త వెంచర్ వేశాడు. దానికి రోడ్డు పడాలంటే ఎల్లస్వామి జాగలోంచే పడాలి. ఇంటికొచ్చి బతిమాలాడు.

"సుబేదార్ సాబ్, నీకేం గావాలె చెప్పు. ఏదడిగితె అదిస్త."

"నా హద్దురాళ్లు ముట్టుకున్నోని చెయ్యి ఇరుస్త. నడువు."

కట్టయ్య రెండోసారి వచ్చినప్పుడు ఎల్లస్వామి అతన్ని ఇంట్లోకి కూడా రానివ్వలేదు. గల్లీ చివరికి తీసుకుపోయి మాట్లాడి పంపేశాడు.

"ఏమంటాండు?" చిలుకమ్మ అడిగింది.

"బెదిరిస్తాండు."

ర్యాలీ ఇంకో వారం ఉందనగా పొద్దున్నే కొడుకును లేపాడు.

"మహీ, హద్దురాళ్లు పీకిండ్రట. నడువు."

"బాపూ, నాకు రన్నింగ్ ఉన్నది."

"ఒక్కపూట ఉరకకుంటె ఏం గాదు. రా."

జాగలో నలుగురు కాచుకుని ఉన్నారు. మొఖాలకు తువ్వాళ్లు, చేతుల్లో ఇనుప రాడ్లు.

"ఏంది ముసలోడా, మెడల్ పెట్టుకోని రాలే?" అన్నాడొకడు.

మొదటి రాడ్ మహిపాల్ తల మీదికి లేచింది. అది దిగేలోపే ఎల్లస్వామి ఆ మణికట్టు పట్టి వెనక్కి విరిచాడు. ఎముక పటుక్కుమంది. అడ్డం వచ్చినవాడి నోటి మీద మోచేత్తో గుద్దాడు. రెండు పళ్లూ రక్తమూ కలిసి మట్టిలో పడ్డాయి.

మూడోవాడు మహిపాల్ మెడ పట్టి కింద పడేశాడు. నాలుగోవాడు రాడ్ ఎత్తి మోకాలి మీద వేశాడు. చిప్ప పగిలింది. మళ్లీ అక్కడే వేశాడు. చర్మం చీలి తెల్లగా ఎముక బయటపడింది.

"బాపూ!"

ఎల్లస్వామి రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. చేతులు కిందికి వేలాడుతున్నాయి.

వాళ్లు పారిపోయాక కొడుకును భుజాన వేసుకుని రోడ్డుదాకా పరుగెత్తాడు.

దవాఖానలో డాక్టర్ ఆపరేషన్ చేసి, నడుస్తాడు గానీ ఇక పరుగెత్తలేడన్నాడు. మహిపాల్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. చిలుకమ్మ రెండు చేతులతో భర్త రొమ్ము మీద గుద్దింది.

"ముగ్గుర్ని సంపినోనివి! కన్న కొడుకు కాలు కాపాడకపోతివి గదయ్యా!"

ఎవరినీ గుర్తుపట్టలేదని ఎల్లస్వామి పోలీసులకు చెప్పాడు. నెల తిరక్కుండానే, పైసా తీసుకోకుండా, మూల జాగను కట్టయ్య పేరున రాసిచ్చాడు.

కాశిబుగ్గ నవ్వింది. పక్కింటి వెంకటరాజం మగ్గం ఆపి మరీ గల్లీకంతా వినబడేలా అన్నాడు.

"ఒక్క దెబ్బకే దండం పెట్టె మన సుబేదారు. ఆ మెడల్ ఏడ కొన్నడో!"

ఎల్లస్వామి విన్నాడు, తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

ఆ జాగకు ధరగా కట్టయ్యను అతను అడిగింది ఒక్కటే, అది ముందే ముట్టింది: కొడుకు మోకాలు.