జూలీ మచ్చలు

తెల్లారేసరికి లాన్ మధ్యలో ఇంకో మచ్చ తేలింది.

హేమలత వంగి చూసింది. నడుమ ఎండుగడ్డి రంగు, చుట్టూ ముదురు పచ్చ అంచు. పాతవాటితో కలిపి చూస్తే గజ్జి పట్టిన గొర్రె వీపులా ఉంది లాన్.

ప్రొద్దుటూరులో వాళ్ల వీధి మొత్తానికి అదొక్కటే లాన్. కొత్త ఇల్లు కట్టినప్పుడు ఆమె భర్త ప్రవీణ్ ఆ గడ్డిని కడియం నర్సరీల నుంచి లారీలో తెప్పించి పరిపించాడు. బోరు ఎండితే ట్యాంకరు పిలిపించి మరీ తడుపుతాడు. ఇంటికెవరొచ్చినా ముందు చూపించేది దాన్నే.

ఆ ఉదయం కాఫీ గ్లాసుతో బయటికొచ్చి, మచ్చ చూసి, గ్లాసు మెట్టు మీద పెట్టేశాడు.

"ఇంగొక్కసారి ఉచ్చ పోసిందంటే జూలీని తొండూరు తోటకు తోలేస్తా. మళ్లా నన్ను అడగొద్దు."

తొండూరులో వాళ్ల చీనీ (బత్తాయి) తోట అనగానే హేమలతకు అక్కడి తీగే గుర్తొచ్చింది. అడవిపందులకని అక్కడ గట్ల వెంట కరెంటు తీగ లాగి ఉంటారు. కిందటేడు కాపలా కుక్క ఆ తీగ మీదే పడి చచ్చిపోయింది.

జూలీ అంటే కూతురు, ఆరేళ్ల ప్రియకు ప్రాణం. వీధిలో వణుకుతున్న కుక్కకూనను గౌనులో చుట్టుకొచ్చింది ఆ పిల్లే. అసలే ఈమధ్య పిల్ల చిక్కిపోయింది. ఆడుకోదు. ఎక్కడంటే అక్కడ కూలబడుతుంది. వడదెబ్బేమోనని హేమలత రోజూ సీసా నిండా గ్లూకోజు నీళ్లు కలిపిస్తోంది. ఎంత తాగినా ఇంకా కావాలంటుంది. ఇప్పుడు కుక్క కూడా పోతే బిడ్డ ఏమైపోతుందోనని తల్లికి ఒకటే దిగులు.

పదో తరగతితో చదువు ఆగిపోయినా, ఫోనులో వీడియోలు చూసి దేన్నైనా నేర్చుకుంటుంది హేమలత. కుక్క పోసిన వెంటనే ఆ చోట బకెట్టెడు నీళ్లు కుమ్మరించాలట. గడ్డికి దూరంగా ఒక మూల ఇసుక పోసి, అక్కడికే అలవాటు చెయ్యాలట. రెండూ చేసింది. మాడిన గడ్డికి బెల్లం నీళ్లు మంచివని పక్కింటి మహబూబ్‌బీ చెబితే అవీ పోసింది. మరునాటికి మచ్చల మీద చీమలు బారులు కట్టాయి. బెల్లం పోస్తే చీమలు రాక పులులొస్తాయా అని అత్త వెంకటరమణమ్మ నవ్వింది. హేమలత ఆ వైద్యం అక్కడితో మానేసింది.

జూలీ పగలంతా బుద్ధిగా ఇసుక మూలకే పోయేది. మచ్చలు పడేది తెల్లారేలోపే. ప్రవీణ్ లేవకముందే, చీకట్లోనే హేమలత ఆ తడి మీద బకెట్టు కుమ్మరించేది. కట్టేద్దామంటే వీధంతా లేచేట్టు అరుస్తుంది.

"శానా జాణ అత్తా ఇది. మనం చూస్తాంటే ఒక తీరు, చూడకుంటే ఒక తీరు."

"కుక్కకు నువ్వు నేర్పేదేందిమే?"

"పిల్లకు మాన్పిస్తి. కుక్కకు మాన్పలేనా?"

మాన్పించిన మాట నిజమే. ఉగాది దాటాక ప్రియ మళ్లీ పక్క తడపడం మొదలుపెట్టింది. ఎప్పుడో మానేసిన అలవాటు. ఇంత పిల్లకు ఇదేం మాయరోగమని నలుగురూ నవ్వుతారని హేమలత భయపడింది. ఒకరోజు గరిటె ఎర్రగా కాల్చి, తొడ దగ్గరికి తెచ్చి, ఇంకోసారి పోస్తే వాత పెడతానంది. పెట్టలేదు. చూపించిందంతే. ఆ రోజు నుంచి పక్క తడవలేదు. ఎండాకాలం కాబట్టి పిల్ల వసారాలో అవ్వ పక్కన పడుకుంటోంది, మంచం కింద జూలీ. రోజూ పొద్దున్నే దుప్పటి తడిమి, పొడిగా ఉందని హేమలత మురిసిపోయేది.

జూలీకీ భయం చెప్పాలనుకుంది. మెడ పట్టుకుని లాక్కెళ్లి, మచ్చకు మూతి ఆనించి, చీపురుతో రెండు వేసింది. కుక్క కుయ్యోమంది. గడపలో నిలబడిన ప్రియ రెండు చేతులతో చెవులు మూసుకుంది.

మరునాడు ఇంకో మచ్చ. ఈసారి హేమలత నీళ్లు పోసేలోపే ప్రవీణ్ లేచాడు.

ఆ సాయంత్రమే జూలీని జీపెక్కించాడు. ప్రియ ఏడవలేదు. కుక్క వైపు చూడను కూడా లేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. ఏడిస్తే బాగుండునే అనిపించింది హేమలతకు.

తెల్లారుతుండగా లేచి, అలవాటు కొద్దీ బకెట్టు నింపుకుని లాన్‌లోకి వచ్చింది.

గడ్డి మధ్యలో తడి. దాని అంచున అప్పుడే చీమలు చేరుతున్నాయి. బెల్లం నీళ్లు మానేసి నెల దాటింది.

వేపపుల్ల నములుతూ వచ్చిన మామ నారాయణ తడిని చూశాడు. చీమల్ని చూశాడు. నోట్లోంచి పుల్ల తీసేశాడు.

"నాకు షుగరుండేది డాక్టరు కంటే ముందు ఈ చీమలే పట్టిచ్చినాయమ్మా," అన్నాడు మెల్లగా. "చేని గట్టున నేను పోసిన చోటల్లా ఇట్లే ముసురుకుంటాండె. కుక్క నిన్ననే పాయె గదా. ఇదెవురిది?"

వసారా మెట్టు మీద, ఖాళీ గ్లూకోజు సీసా పట్టుకుని, నిలబడలేక స్తంభానికి ఆనుకున్న ప్రియ వాళ్లిద్దరూ తన వైపు తిరగగానే అంది: "పక్కలో పొయ్యలేదు గదమ్మా, వాత పెట్టొద్దు."